మడిలో నిలబడి బ్యారేజీ గేటు తిప్పొద్దు

విజయవాడ ఏలూరు రోడ్డులో ఏ పుస్తకాల షాపుకైనా వెళ్లి ఈ మధ్య అచ్చయిన తెలుగు పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకోండి. కథ తర్వాత చదువుకోవచ్చు. ముందు మొదటి అధ్యాయం హెడ్డింగు చూడండి, తర్వాత ఆరోది, తర్వాత ఆఖరిది. ఒకటి 18 పాయింట్లలో ఉంటుంది, ఒకటి 20లో. ఒకటి బోల్డు, ఒకటి కాదు. ఒక చోట హెడ్డింగు కింద రెండు లైన్ల జాగా వదిలారు, ఇంకో చోట మేటరు దాన్ని తగులుకునే ఉంది. పేరా మొదట్లో వదిలే జాగా నలభయ్యో పేజీదాకా కనబడి ఆ తర్వాత మాయమైపోతుంది. ఈ జబ్బుల్లేని పుస్తకం చేతికొస్తే కొని దాచుకోండి, మళ్లీ దొరకదు.

ప్రచురణకర్తని అడిగితే "ప్రూఫులు సరిగ్గా చూళ్లేదండీ" అంటాడు. ప్రూఫు చూసినాయన మీదకి నెట్టేయడం సులువు. ఆయనకిచ్చేది తక్కువ, ఆయన తిరిగి మాట్లాడడు. అసలు సంగతి ఏమిటంటే, ఆ పుస్తకానికి నియమం అంటూ ఎక్కడా రాసి లేదు. అధ్యాయం పేరు ఎంత ఉండాలి, పద్యం ఎంత లోపలికి జరగాలి, లైనుకీ లైనుకీ మధ్య ఎంత దూరం ఉండాలి, ఇవేవీ ఏ ఒక్క చోటా తేల్చుకోలేదు. పేజీ పేజీకీ ఎవరో మౌసుతో సెలెక్ట్ చేసి, కంటికి ఆనినంత పెంచి, ఆనినంత తగ్గించి, ముందుకు పోయారు.

నా వాదన చిన్నది. అక్షరాల కూర్పులో కొన్ని సంగతులు పుస్తకం మొత్తానికీ కలిపి ఒకే చోట చెప్పాలి. కొన్ని ఎక్కడ అవసరమో అక్కడే మొదలై అక్కడే ముగిసిపోవాలి. మొదటివి గ్లోబల్, రెండోవి లోకల్. తెలుగు పుస్తకాలకి రాజధానినని చెప్పుకునే విజయవాడ ఈ రెంటినీ తలకిందులు చేసి కూర్చుంది. పుస్తకమంతటికీ వర్తించాల్సినదాన్ని ముక్కలు ముక్కలుగా చేత్తో చేస్తోంది. నిజంగా తెలుగు కోసం మార్చాల్సిన గ్లోబల్ అంకెల్ని మాత్రం, ఇంగ్లీషు వాళ్లు తమ అక్షరాల కోసం పెట్టుకున్నవాటిని, ముట్టుకోకుండా అలాగే వదిలేస్తోంది.

చేతి కంపోజింగు కాలంలో ఈ గొడవ ఇంతగా లేదు. కంపోజింగ్ స్టిక్కులో లైను కొలత ఒక్కసారి మర బిగిస్తే పుస్తకమంతా అదే కొలత. లైన్ల మధ్య పెట్టే లెడ్డు బద్దలు అన్నీ ఒకే మందం. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక అక్షరాలు పేర్చినవాళ్లకి గ్లోబల్ అనే మాట తెలియకపోవచ్చు, పని మాత్రం అలాగే జరిగింది. వాళ్లు మహా క్రమశిక్షణ గలవాళ్లని కాదు. బిగించిన మర మళ్లీ విప్పడం ఎవరికైనా బద్ధకమే. ఇనుము వాళ్లని కట్టడి చేసింది. కంప్యూటరు వచ్చి ఆ ఇనుము తీసేసింది. దాని స్థానంలో రావాల్సిన నియమం మాత్రం రాలేదు.

డీటీపీ ఆపరేటర్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. పేజీకింత అని లెక్కగట్టి ఇస్తారు అతనికి. పేజీలు ఎన్ని తోస్తే అన్ని డబ్బులు. ఆ లెక్కలో, మొదటి రోజంతా ఒక్క పేజీ కూడా పెట్టకుండా స్టైల్స్, అంటే హెడ్డింగుకి ఇలా, పద్యానికి ఇలా అని పేరు పెట్టిన నియమాలు, తయారుచేసుకుంటూ కూర్చునేవాడు ఆ రోజు కూలి పోగొట్టుకున్నట్టే. పేజ్‌మేకర్‌లోనే స్టైల్స్ సౌకర్యం ఉండేది. ఆ పేజ్‌మేకర్‌కి 2001 నాటి 7.0 తర్వాత కొత్త వెర్షను లేదు, అయినా మన డీటీపీ సెంటర్లలో అది ఇప్పటికీ ఊపిరి పీలుస్తోంది. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్‌లో పేరాకి వేరుగా, అక్షరానికి వేరుగా స్టైల్స్ పెట్టుకోవచ్చు. ఒక స్టైల్ మీద ఇంకోటి ఆధారపడేలా కూడా చేసుకోవచ్చు. ఎవరికి కావాలి? జనవరిలో పుస్తక మహోత్సవం నెత్తిమీదుంటుంది, డిసెంబరు ఆఖరి వారంలో రచయిత ముందుమాట పట్టుకొస్తాడు. ఆపరేటరు అన్నీ వదిలేసి కంట్రోల్ ఏ కొట్టి మొత్తం సెలెక్ట్ చేసేస్తాడు.

ఈ లోకల్, గ్లోబల్ వ్యవహారాన్ని భాషాసూత్రంగా మలిచిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, డొనాల్డ్ క్నూత్. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు. 1977లో తన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రెండో సంపుటం కొత్త కూర్పుకి వచ్చిన ప్రూఫులు చూసి ఆయనకి కడుపు మండింది. అంతకుముందు సీసపు అక్షరాలతో అందంగా వచ్చిన పుస్తకం ఫోటో కంపోజింగుకి మారేసరికి పాడైపోయింది. మనలాగా "సర్దుకుందాం లెండి" అనలేదాయన. సొంత పుస్తకం పని పక్కన పెట్టి టెక్ అనే కూర్పు భాష రాసుకున్నాడు. మొదటి రూపం 1978లో వచ్చింది. లెస్లీ లాంపోర్ట్ దాని మీద లాటెక్ కట్టాడు. గణితం, ఇంజినీరింగు చదివిన పిల్లలు థీసిస్ కోసం ఇవాళ కుస్తీ పట్టేది దాంతోనే.

టెక్‌లో మీసాల బ్రాకెట్ల మధ్య ఏ మార్పు చేసినా, ముగింపు మీసం పడగానే ఆ మార్పు రద్దయి పాత విలువ తిరిగొస్తుంది. అది లోకల్. మార్పుకి ముందు గ్లోబల్ అని రాస్తే మీసాలు దాటి బయటికి పోయి పుస్తకమంతా పట్టుకుంటుంది. కంకిపాడు రైతుకి దీన్ని వివరించక్కర్లేదు. తన మడికి ఎంత నీరు పెట్టుకున్నా గట్టు లోపలే ఉంటుంది. బందరు కాలువలో, ఏలూరు కాలువలో, రైవస్ కాలువలో ఎంత పారాలన్నది ప్రకాశం బ్యారేజీ దగ్గర తేలుతుంది. మడిలో నిలబడి బ్యారేజీ గేటు తిప్పుతానంటే ఊరు ఊరుకోదు. టెక్ తిప్పనిస్తుంది. ఒక పట్టిక లోపల ఇరుక్కున్న సమస్యకి అక్కడే గ్లోబల్ అని రాసి గట్టెక్కిన కుర్రాడు, ఎనభై పేజీల తర్వాత అనుబంధం ఎందుకు పాడైందో తెలియక తల పట్టుకుంటాడు. గ్లోబల్‌డెఫ్స్ అని ఇంకో అంకె కూడా ఉంది. దాన్ని సున్నా దాటిస్తే ఆపైన చేసే మార్పులన్నీ గ్లోబలే, గట్టు అన్నదే ఉండదు.

క్నూత్ తన మాన్యువల్‌లోనే హెచ్చరించాడు. ఒకే విలువని ఒకసారి లోకల్‌గానూ ఒకసారి గ్లోబల్‌గానూ మార్చొద్దన్నాడు. అలా చేస్తే, తిరిగి పెట్టాల్సిన పాత విలువల్ని టెక్ దాచుకునే చోటు అనవసరంగా నిండిపోతుంది. యంత్రం గోడు అది. మనిషి గోడు ఇంకా పెద్దది. ఏ విలువ ఎక్కడ మారిందో వెతికి పట్టుకోలేని ఫైలు, దాన్ని రాసినవాడు ఊళ్లో లేనిరోజు చచ్చిన ఫైలే.

లాటెక్ వాళ్లకీ అక్షింతలు పడాలి. సెట్‌లెంగ్త్‌తో మార్చిన కొలత మీసాలకి లోబడుతుంది. సెట్‌కౌంటర్‌తో మార్చిన అంకె లోబడదు, ఎక్కడ మార్చినా గ్లోబలే. రెండు ఆదేశాలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అధ్యాయాల, ఫుట్‌నోట్ల అంకెలు పుస్తకమంతా వరసగా సాగాలి కాబట్టి అలా పెట్టారు, కారణం ఉంది. కానీ ఆ కారణం కొత్తగా నేర్చుకునేవాడికి ఎవరూ చెప్పరు. 2023లో జనంలోకొచ్చిన టైప్‌స్ట్ అనే కొత్త కూర్పు భాష ఈ తంటా చాలావరకు తీసేసింది. అందులో సెట్ అని పెట్టిన నియమం తనున్న బ్లాకు దాటి బయటికి పారదు. కుర్రాళ్లు కట్టారు దాన్ని, బెర్లిన్ టెక్నికల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మొదలుపెట్టి.

ఇప్పుడు మన గొంతు మీదున్న కత్తి దగ్గరికి వద్దాం. లైన్ల మధ్య దూరం.

లాటెక్‌లో ముందుగా పెట్టి ఉంచిన లెక్క ప్రకారం 10 పాయింట్ల అక్షరానికి లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగుకి 12 పాయింట్లు, 12 పాయింట్ల అక్షరానికి 14.5. పేజ్‌మేకరూ ఇన్‌డిజైనూ ఆటో లీడింగ్ అని 120 శాతం పెట్టుకుంటాయి, ఇంచుమించు అదే బాపతు. ఇంగ్లీషుకి భేషుగ్గా సరిపోతాయి ఈ అంకెలు. వాళ్ల చిన్నక్షరాల్లో కిందికి దిగేవి నాలుగైదే. మన సంగతి? రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, స్వాతంత్ర్యం. ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు, ఐత్వమైతే పైనా కిందా రెండు చోట్లా జాగా అడుగుతుంది. పై లైను ఒత్తు, కింది లైను గుడిదీర్ఘం ఎదురెదురు పడ్డాయంటే టెక్ ఆ 14.5ని పక్కన పెట్టేస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా మధ్యలో ఒక పాయింటు ఎడం ఉంచి కింది లైనుని దించేస్తుంది. దాంతో ఒక లైను దగ్గరగా, ఒక లైను దూరంగా, పేజీ అంతా ఎగుడుదిగుడు. ఎదుటి పేజీ లైన్లకీ దీనికీ పొంతన ఉండదు.

తెలుగుకి మందు ఒక్కటే. ఫాంటుని బట్టి 12 పాయింట్లకి 17 అనో 18 అనో పుస్తకం మొదట్లో ఒక్కసారి రాసేయడం. అది గ్లోబల్‌గా చెప్పాల్సిన మాట. మనవాళ్లు చేసేదేమిటి? ఒత్తు తగిలిన లైను ఒక్కదాన్ని సెలెక్ట్ చేసి రెండు పాయింట్లు పెంచుతారు. రేపు రచయిత ఆ పేరాలో ఒక మాట కొట్టేస్తాడు. లైన్లు జరుగుతాయి. 'రాష్ట్ర' పై లైనుకి ఎక్కుతుంది. పెంచిన రెండు పాయింట్లు మాత్రం ఆ పక్కన పెంచిన అక్షరాలని పట్టుకుని ఉండిపోతాయి, ఏ ఒత్తూ లేని 'మామ రాలేదు' కింద పనిలేని ఖాళీగా. ఇన్‌డిజైన్‌లో ఇది మరీ ఘోరం. లీడింగు అక్కడ పేరా గుణం కాదు, అక్షరం గుణం. లైనులో అన్నిటికన్నా ఎక్కువ లీడింగున్న అక్షరం ఏదో, లైనంతా దాని మాటే వింటుంది. కంటికి కనబడని ఒక్క స్పేసుకి పాత లీడింగు అంటుకుని ఉన్నా చాలు, ఆ లైను జారిపోతుంది. ఆ స్పేసు ఎక్కడుందో వెతకడానికి అరపూట పోతుంది.

టెక్‌లో దీనికో తోడుదొంగ ఉంది, పెద్దపెద్ద ప్రొఫెసర్లు కూడా దీని చేతిలో దెబ్బ తింటారు. ఉదాహరణకి ఒక ఉత్తరాన్ని చిన్న అక్షరాల్లో ఇవ్వాలి. మీసాలు తెరిచి, చిన్న సైజు అని చెప్పి, ఉత్తరం రాసి, మీసం మూసి, ఆ తర్వాత ఖాళీ లైను వదిలారు. అక్షరాలు చిన్నవవుతాయి, లైన్ల దూరం మాత్రం పెద్దక్షరాలదే ఉండిపోతుంది. ఎందుకంటే పేరా మొత్తానికీ వర్తించే లైన్ల దూరం పేరా ముగిసే చోట ఏ విలువ ఉంటే అదే. మీసం ముందే మూసేశారు కదా, పేరా ముగిసేసరికి పాత విలువ తిరిగొచ్చేసింది. పేరాని మీసం లోపలే ముగించాలి. లోకల్ అంటే మార్పు ఎక్కడ మొదలవుతుందో తెలియడం ఒక్కటే కాదు, ఎక్కడ ఆగుతుందో కూడా తెలిసి ఉండాలి. మన పుస్తకాల్లో ఆగడం అన్నదే లేదు.

టెక్‌లో కొన్నింటికి గట్లు అసలే పనిచేయవు. లైను చివర మాట విరిగినప్పుడు పడే హైఫన్ గీత సంగతి తీసుకోండి. చాలామంది తెలుగు పాఠకులకి ఆ గీత నచ్చదు, పత్రికల్లో గీత లేకుండానే మాట విరుస్తారు. అది ఏ గుర్తు అన్నది ఫాంటుకి తగిలించిన విలువ, మీసాల్లో మార్చినా గ్లోబల్‌గానే మారుతుంది. ఒక్క పేజీ కోసం మార్చానని మీరనుకుంటారు, పుస్తకమంతా మారి ఉంటుంది. ఇది తెలిసి వాడుకుంటే వరం, తెలియకపోతే శని.

తెలుగుకి టెక్ కొత్త కూడా కాదు. లక్ష్మి ముక్కవిల్లి, లక్ష్మణకుమార్ ముక్కవిల్లి కలిసి ఎప్పుడో తెలుగుటెక్ చేసి పెట్టారు. 2004లో జొనాథన్ క్యూ జీటెక్ తెచ్చాక యూనికోడ్ తెలుగు నేరుగా నడుస్తోంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. దాంతో వాడే పాలీగ్లాసియా అనే ప్యాకేజీలో తెలుగు ఉంది. దాంట్లో భాష తెలుగు అని చెప్పగానే అధ్యాయం, విషయసూచిక లాంటి మాటలూ నెలల పేర్లూ తెలుగులోకి మారతాయి. లైన్ల దూరం మారదు! మన ఒత్తుల బరువు ఎరిగినవాళ్లు ఆ ఒక్క అంకె అక్కడ చేర్చి ఉంటే థీసిస్ రాసే ప్రతి పిల్లా విడిగా దాన్ని కనుక్కోవాల్సిన కర్మ ఉండేది కాదు. ఆ ఎరిగినవాళ్లు అమెరికాలో, హైదరాబాదులో మంచి జీతాలు తీసుకుంటూనే ఉన్నారు. తెలుగు అంతరించిపోతోందని సభల్లో కన్నీళ్లు కూడా పెట్టుకుంటున్నారు.

ఇక అసలు మూలవ్యాధి ఫాంటు. విజయవాడలో ఇప్పటికీ సింహభాగం పని అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లలోనే నడుస్తోంది. వాటి ఆకారాలు బావుంటాయి, ఆ విషయంలో నాకు పేచీ లేదు. పేచీ లోపల ఉంది. ఆ ఫైల్లో 'క' అన్నది 'క'గా ఉండదు. ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో ఉన్న స్థానంలో తెలుగు బొమ్మ పెట్టారు. ఫాంటు తీసేస్తే అక్కడ తెలుగు లేదు, చెత్త ఉంది. అంటే అక్షరం ఏమిటన్న సంగతే ఫాంటు మీద ఆధారపడి ఉంది. మరి ఒక ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా దాన్ని సెలెక్ట్ చేసి ఫాంటు మార్చాలి. మొత్తం సెలెక్ట్ చేసి ఒకే ఫాంటు పెట్టారా, ఇంగ్లీషు మాటలన్నీ పిచ్చి తెలుగైపోతాయి. గ్లోబల్‌గా చెప్పే దారే లేని పద్ధతి ఇది. ఆపరేటరు చేత్తో అతుకులు వేయడం నేర్చుకున్నది బద్ధకంతో కాదు. ఈ ఫాంట్లు అతనికి వేరే దారి ఉంచలేదు.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకి 128 స్థానాల గది కేటాయించారు. అక్కడ 'క' ఎప్పుడూ 'క'నే. బొమ్మ ఎలా ఉండాలన్నది ఫాంటు చూసుకుంటుంది. తెలుగు మాటలకి ఈ ఫాంటు, ఇంగ్లీషు మాటలకి ఆ ఫాంటు అని మొదటి పేజీకి ముందే ఒక్క వాక్యం రాస్తే చాలు. ఇన్నేళ్లయినా అటు జరగకపోవడానికి చెప్పే కారణం ఒకటే, "యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవండీ." సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసినవి ఉన్నాయి, గూగుల్ ఫాంట్లలో మండలి, గురజాడ, సురవరం, రామరాజ ఉన్నాయి. వీటిలో కొన్నింటికి లోపాలున్నాయి, నిజమే. లోపం ఉంటే వాడి, చెప్పి, బాగుచేయించుకోవాలి. తమ పాత కీబోర్డు అలవాటు మారకుండా ఉండేందుకు చెప్పే సాకు ఇది. ఫలితం తెలుసుగా? రెండో ముద్రణకి పాత ఫైలు తెరుచుకోదు, తెరుచుకున్నా మేటరు చెదిరి ఉంటుంది, మళ్లీ మొదటి అక్షరం నుంచి కొట్టిస్తారు, మొదటిసారి లేని తప్పులు కొత్తగా పుడతాయి. పీడీఎఫ్‌లో ఒక పేరు వెతకబోతే దొరకదు.

లోకల్ మార్పులంటే నాకు కంటగింపు అని ఎవరైనా అనుకుంటే, వాళ్లు సీస పద్యం పేజీ పెట్టి చూడలేదన్నమాట. డెమ్మీ సైజు పుస్తకంలో సీసపాదం ఒక్క లైనులో ఒదగదు. ప్రతి పాదాన్నీ రెండుగా విరిచి, రెండో సగాన్ని కొంచెం లోపలికి జరపాలి. కింద తేటగీతో ఆటవెలదో వస్తుంది, దాని జాగా వేరు. చుట్టూ ఉన్న వచనానికి లేని నియమాలు ఇక్కడ కావాలి, పద్యం అవగానే అవి పోవాలి. ఇంతకన్నా న్యాయమైన లోకల్ ఇంకేముంటుంది? దానికో పేరు పెట్టండి, సీసం అని. ఒక్కసారి నిర్వచించండి. ఎక్కడ సీసం వస్తే అక్కడ పిలవండి. మనవాళ్లు ఏం చేస్తారంటే స్పేస్‌బార్ మీద బొటనవేలు పెట్టి పదిహేను సార్లు కొడతారు. ఫాంటు అర పాయింటు తగ్గించగానే పాదాలన్నీ తలో దారీ పడతాయి. అవధానాల గురించి వీరావేశంతో మాట్లాడే ఊళ్లో పద్యానికి దక్కే మర్యాద ఇది.

"సాహిత్యం చూడండి సార్, లైన్లు కాదు" అనే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ల పుస్తకానికే అట్ట మీద పేరు కొంచెం చిన్నదైతే వాళ్లు చేసే రభస నాకు తెలుసు. "చేత్తో చేసే పనిలో ఒక అందం ఉంటుందండీ" అనేవాళ్లు ఇంకో రకం. ఉంటుంది, అట్ట మీద. మూడొందల పేజీల లోపలి మేటర్లో చేతిపని అందం కాదు, ఖర్చు.

ప్రచురణకర్తలు చేయగలిగింది చాలా తేలిక. పేజీ లెక్కలోంచి నియమాల పనిని విడదీయండి. పుస్తకం మొదలుపెట్టే ముందు ఒక రోజు కూలి దానికని విడిగా ఇవ్వండి. టెక్ అక్కర్లేదు, టైప్‌స్ట్ అక్కర్లేదు, మీ దగ్గరున్న ఇన్‌డిజైన్ చాలు. పని అయ్యాక పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని ఇంటికి రాకండి, మూల ఫైలు అడగండి. బిల్లు కట్టే ముందు ఆపరేటరు పక్కన కూర్చుని, పద్యాలకి వదిలిన జాగా అంకె ఒక్క చోట మార్చి చూపించమనండి. పుస్తకంలో పద్యాలన్నీ కలిసి కదలాలి, వచనంలో ఒక్క లైను కూడా కదలకూడదు. అలా కాకపోతే మిగిలిన సగం డబ్బు ఆపండి. ఆపాల్సింది ఆపరేటరు కూలి కాదు, సెంటరు యజమాని వాటా.